ఓఆర్ఎస్ పొట్లం, జింకు మాత్రలు: కర్నూలు తల్లిదండ్రుల కోసం ఒక సమీక్ష

కర్నూలులో ఎండలు ముదిరినప్పుడూ, తొలకరి వానలకు తాగునీటిలో మురుగు కలిసే ప్రమాదం పెరిగినప్పుడూ పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ అవసరపడే వస్తువు, భేదులైన బిడ్డకు నీటిలో కలిపి పట్టే ఓఆర్ఎస్ (ఓరల్ రీహైడ్రేషన్ సాల్ట్స్) పొడి. పెద్దాసుపత్రి చుట్టుపక్కల ఉన్న మందుల దుకాణాల్లోనూ, వన్ టౌన్ సందుల్లోని చిన్న మెడికల్ షాపుల్లోనూ ఇది అతి తక్కువ ధరకు దొరుకుతుంది. చాలామంది దీన్ని ఎలక్ట్రాల్ పొడి అనే అడుగుతారు. ఆశా కార్యకర్తల దగ్గర, ఏఎన్ఎంల దగ్గర, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగానే ఇస్తారు. దీనితోపాటు వాడవలసిన జింకు మాత్రలనూ కలిపి ఈ సమీక్షలో పరిశీలిస్తున్నాను. మా పిల్లలిద్దరికీ వీటిని వాడిన తల్లిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. పొడిలో లోపం లేదు. దాన్ని కలిపే కొలతలోనూ, అమ్మే తీరులోనూ, ఇళ్లలో పాతుకుపోయిన నమ్మకాలలోనూ లోపాలు చాలా ఉన్నాయి, ఇంత మంచి వస్తువు పిల్లలకు అందవలసినంతగా అందకపోవడానికి అవే కారణం.

2021 ఏప్రిల్‌లో అప్పటి కర్నూలు జిల్లాలోని గోరుకల్లులోనూ, ఆదోనిలోనూ అతిసారం ప్రబలి ప్రాణాలు పోయిన సంగతి ఇక్కడివారు మరచిపోయి ఉండరు. భేదులతో పిల్లలు చనిపోయేది ఎక్కువగా ఆ క్రిమి నేరుగా చంపడం వల్ల కాదు, ఒంట్లోని నీరు, లవణాలు వేగంగా బయటికి పోవడం వల్ల. ఓఆర్ఎస్ చేసే పని ఆ పోయినదాన్ని తిరిగి చేర్చడమే.

ఇప్పుడు వాడుకలో ఉన్న మిశ్రమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2002లో నిర్ణయించాయి. లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సోడియం సిట్రేట్, మొత్తం 20.5 గ్రాములు. రుచి కోసం మరికొంత కలిపే కంపెనీల పొట్లాలు ఇంకాస్త బరువు తూగుతాయి. ఇందులో గ్లూకోజ్ ఉన్నది బలం కోసమని చాలామంది అనుకుంటారు. చిన్నపేగు గోడ ఉప్పులోని సోడియాన్ని లోపలికి తీసుకోవడానికి గ్లూకోజ్ తోడు కావాలి, ఆ రెండూ కలిసి వెళ్లేటప్పుడు నీరు వాటి వెంట వెళుతుంది. భేదుల్లో పేగు ఎంత దెబ్బతిన్నా ఈ ఒక్క దారి చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. అందుకే ద్రావణంలో సోడియం, గ్లూకోజ్ రెండూ బరువులో కాక కణాల లెక్కలో సమానంగా, లీటరుకు 75 మిల్లీమోళ్ల చొప్పున ఉండేలా లెక్క కట్టారు. అంతకుముందున్న గాఢమైన మిశ్రమంతో పోలిస్తే దీనివల్ల భేదుల పరిమాణం సుమారు 20 శాతం, వాంతులు సుమారు 30 శాతం తగ్గాయని, సెలైన్ ఎక్కించవలసిన అవసరం మూడో వంతు మేర తగ్గిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంది.

దీని చరిత్రలో మన దేశానికి గౌరవప్రదమైన స్థానం ఉంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరానికి చేరినప్పుడు కలరా చెలరేగింది. సెలైన్ నిల్వలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే తాగించే ఏర్పాటు చేశారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు. నర్సు కాదు, డాక్టరు కాదు, పక్కన కూర్చున్న తల్లో అక్కో గిన్నె పట్టుకుని తాగిస్తే ప్రాణం నిలిచిందన్నది ఆ కథలో నన్ను అన్నిటికన్నా కదిలించిన విషయం. ఇవాళ మనం ఇంట్లో చేసేదీ అదే.

ఇక వాడకం సంగతి. పొట్లం విలువంతా కొలతలో ఉంది. పెద్ద పొట్లాన్ని సరిగ్గా ఒక లీటరు నీటిలో, చిన్న పొట్లాన్ని సరిగ్గా 200 మిల్లీలీటర్ల నీటిలో, ఒకేసారి మొత్తం కలపాలి. మన ఇళ్లలో జరిగేది వేరు. పెద్ద పొట్లం చించి, ఒక గ్లాసు నీటిలో రెండు చెంచాల పొడి వేసి, మిగతాది మడిచి గూట్లో పెడతారు. అలా చేస్తే ద్రావణం చిక్కనై పిల్లల ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా పెరగవచ్చు, లేదా పలచనై పోయిన లవణాలు తిరిగి చేరకపోవచ్చు. చెంబులూ గ్లాసులూ ఇంటికొక సైజులో ఉంటాయి కనుక వాటిని నమ్మకూడదు. దుకాణాల్లో అమ్మే లీటరు నీళ్ల సీసాను శుభ్రంగా కడిగి ఈ పనికే ఉంచుకోవడం అన్నిటికన్నా సులభం. నీటిని ముందే కాచి చల్లార్చుకోవాలి, పొడి కలిపాక మళ్లీ కాచకూడదు. 24 గంటలు దాటితే మిగిలింది పారబోసి కొత్తది కలపాలి. పారబోయడానికి మనసొప్పనివారు చిన్న పొట్లాలు కొనుక్కోవడం మంచిది. నా ఓటు కూడా చిన్న పొట్లానికే.

రెండేళ్ల లోపు పిల్లలకు భేది అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు పట్టాలి. పసివాళ్లకు సీసాతో కాక చెంచాతో, ఒకటి రెండు నిమిషాలకొక చెంచా చొప్పున పట్టాలి. వాంతి చేసుకుంటే మందు పడలేదని ఆపేయకుండా, పది నిమిషాలు ఆగి మరింత నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి.

రుచి గురించి నిజం చెప్పాలి. కొద్దిగా ఉప్పగా, కొద్దిగా తీయగా ఉండే ఈ నీళ్లు ఆడుతూ పాడుతూ ఉన్న బిడ్డకు నచ్చవు. నీరు తగ్గి దప్పికగొన్న బిడ్డ మాత్రం ఆత్రంగా తాగుతుంది, ఆ ఆత్రమే తల్లికి ఒక హెచ్చరిక. తాగడం లేదని చక్కెర, తేనె, పండ్లరసం కలపడం మంచిది కాదు, లెక్క మొత్తం తప్పుతుంది. చల్లగా ఇస్తే మా పెద్దవాడు తాగేవాడు, అందులో తప్పు లేదు.

ఈ రుచి దగ్గరే వ్యాపారం అడ్డదారి తొక్కింది. కొన్నేళ్లుగా ఓఆర్ఎస్ అన్న అక్షరాలు పేరులో పెట్టుకున్న తీపి పానీయాలు అట్టడబ్బాల్లో మందుల దుకాణాలకు వచ్చాయి. మా చిన్నదానికి భేదులైనప్పుడు నేను పొడి అడిగితే ఒక దుకాణంలో, "పొడి ఎందుకక్కా, పిల్లోళ్లు తాగరు, ఇది తీస్కపో, యాపిల్ రుచి ఉంటాది" అని డబ్బా చేతిలో పెట్టబోయారు. అటువంటి పానీయాల్లో చక్కెర ఓఆర్ఎస్‌లో ఉండవలసినదానికి ఎన్నో రెట్లు ఉండేది, సోడియం మాత్రం తక్కువగా ఉండేది. పేగులోకి చేరిన ఆ చక్కెర ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది కనుక భేదులు తగ్గకపోగా పెరగవచ్చు. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిపై పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఏ ఆహార పానీయం పేరులోనూ ఓఆర్ఎస్ అన్న మాట ఉండకూడదని ఆదేశించింది. బిడ్డలున్న ప్రతి తల్లీ ఆమెకు రుణపడి ఉంటుందని నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. అయినా పాత అలవాటుతో డబ్బాలు చేతికిచ్చేవారు ఉండవచ్చు. అసలైన పొట్లం మీద ఓరల్ రీహైడ్రేషన్ సాల్ట్స్ ఐ.పి. అని, మందుల తయారీ లైసెన్సు సంఖ్య ఉంటాయి. ఆహార లైసెన్సు ముద్ర ఉన్నది మందు కాదు.

గ్లూకోజ్ పొడి, సోడా, కూల్‌డ్రింకు, టీ కూడా ఓఆర్ఎస్‌కు బదులు కావు. రాత్రివేళ పొట్లం దొరకనప్పుడు లీటరు నీటిలో ఆరు తలగొట్టిన టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి పట్టవచ్చు. అన్నం తినే బిడ్డకైతే ఉప్పు వేసిన గంజి, పలచని మజ్జిగ కూడా మేలే. తెల్లవారాక పొట్లం తెచ్చుకోవాలి.

పొడి మీద వచ్చే ఫిర్యాదుల్లో మొదటిది, సాయంత్రానికి భేదులు ఆగలేదని. ఈ ఫిర్యాదు పొడికి న్యాయం చేయదు. ఇది భేదులను ఆపే మందు కాదు. చాలామంది పిల్లల్లో భేదులు మూడు నుంచి ఏడు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి, అప్పటిదాకా బిడ్డను నిలబెట్టడం పొడి బాధ్యత. వెంటనే ఆపాలన్న తొందరలో పెద్దలు వాడే భేదుల మాత్రను పిల్లలకు వేయడం ప్రమాదకరం. యాంటీబయాటిక్ కూడా అంతే, పసివాళ్ల భేదుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవి గనుక రక్తం పడినప్పుడో, కలరా అనుమానమున్నప్పుడో డాక్టరు చెబితే తప్ప అది అక్కరలేదు. సెలైన్ ఎక్కిస్తేనే బలం వస్తుందన్న నమ్మకం మన ప్రాంతంలో మరీ గట్టిది. నోటితో తాగగల బిడ్డకు ఓఆర్ఎస్ సెలైన్‌తో సమానంగా పనిచేస్తుంది, సూది బాధ ఉండదు.

ఇంటి నమ్మకాల్లో అన్నిటికన్నా హాని చేసేది కడుపు ఎండగట్టడం. పాలు ఆపితే భేదులు ఆగుతాయని, అన్నం పెడితే అలాగే బయటికి వస్తుందని పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు. ఆకలితో ఉన్న పేగు త్వరగా మానదు, బిడ్డ నీరసించి మరుసటి జబ్బుకు దొరికిపోతుంది. తల్లిపాలు ఇంకా ఎక్కువసార్లు ఇవ్వాలి. తినే వయసు పిల్లలకు మెత్తని పెసరపప్పు అన్నం, పెరుగన్నం, అరటిపండు, రాగి జావ కొద్దికొద్దిగా తరచూ పెట్టాలి, తగ్గాక కనీసం రెండు వారాలు రోజుకొక పూట అదనంగా తినిపించాలి. మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు. ఏఎన్ఎం ఇంటికి వచ్చి ఎదురుగా కూర్చుని వివరించాక ఆమే పెరుగన్నం కలిపి తినిపించారు. పెద్దవాళ్లను పక్కకు నెట్టకుండా వారికే పని అప్పగిస్తే మాట చెల్లుతుందని నాకు అనిపించింది.

పళ్లు వచ్చేటప్పుడు భేదులు సహజమేనని వదిలేయడం ఇంకొక ప్రమాదం. ఆ వయసులో బిడ్డ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది, పాకుతూ నేల మీది మురికి చేతులతో తింటుంది, భేదులకు కారణం అక్కడ ఉంటుంది. నడినెత్తి గుంట పడితే దిష్టి తగిలిందనో, మాడు మీద ఆముదం పెడితే నిండుతుందనో కూర్చోకూడదు, ఒంట్లో నీరు బాగా తగ్గిందనడానికి అదొక గుర్తు. ఆరు నెలల లోపు బిడ్డకు ఎంత ఎండాకాలమైనా తల్లిపాలు తప్ప మామూలు నీళ్లు అవసరం లేదు. భేదులైతే మాత్రం పాలతోపాటు ఓఆర్ఎస్ పట్టాలి, రెండు నెలలు కూడా నిండని బిడ్డనైతే డాక్టరుకు చూపించాలి.

జింకు మాత్రల విషయం క్లుప్తంగా చెబుతాను. రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటితే 20 మిల్లీగ్రాములు, 14 రోజులు వాడాలి. చెంచాడు తల్లిపాలలోనో కాచిన నీటిలోనో ఇట్టే కరుగుతుంది. మూడో రోజుకు భేదులు కట్టగానే మిగతా మాత్రలు పారేయడం మన దగ్గర మామూలైపోయింది. ఆ మిగతా రోజుల మాత్రలే రాబోయే రెండు మూడు నెలల్లో మళ్లీ భేదులు రాకుండా కాపు కాస్తాయి కనుక పూర్తి చేయాలి. లోహపు రుచి ఒక్కటే దీని లోపం, కొందరు పిల్లలు కక్కుతారు.

నా అసంతృప్తి లేబుల్ మీద. నా చేతికి వచ్చిన ఒక కంపెనీ పొట్లం మీద కలిపే విధానం ఆవగింజంత అక్షరాల్లో, ఇంగ్లిషులో ఉంది. నీటి కొలతను సూచించే బొమ్మ లేదు. కోసిగిలోనో పత్తికొండలోనో రాత్రి పదకొండు గంటలకు ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకున్న తల్లి దాన్ని ఎలా చదువుతుంది? మన రాష్ట్రంలో అమ్మే ప్రతి పొట్లం మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో, సీసా బొమ్మతో కొలత ముద్రించాలి. ఉచితంగా ఇచ్చేది పనిచేయదన్న అపోహ కూడా పోవాలి. ఆశా కార్యకర్త ఇచ్చే పొట్లంలో ఉండేదీ ఇదే మిశ్రమం, రంగూ పండ్ల వాసనా లేకపోవచ్చు, అంతే.

రోటావైరస్ టీకా ఈ పొట్లానికి బదులు కాదు, తోడు. 2016లో దేశంలో మొదటగా ఈ టీకాను ఉచిత కార్యక్రమంలో చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాల వయసులో నోట్లో చుక్కలుగా వేస్తారు. టీకా వేయించినా భేదులు వచ్చాయని నిరాశపడనక్కరలేదు, అది రోటావైరస్ వల్ల వచ్చే తీవ్రమైన భేదుల నుంచి కాపాడుతుంది, మిగతా క్రిములతో దానికి సంబంధం లేదు.

పిల్లలున్న ఇంట్లో ఎప్పుడూ నాలుగు చిన్న పొట్లాలు, ఒక జింకు అట్ట, ఒక చెంచా సిద్ధంగా ఉండాలని, గడువు తేదీని ఉగాదికొకసారి చూసుకోవాలని నా సూచన. మలంలో రక్తం పడినా, కళ్లు గుంటలు పడినా, పొట్ట మీద చర్మాన్ని పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్లినా, ఆరు గంటలుగా మూత్రం పోయకున్నా, బిడ్డ మత్తుగా ఉండి తాగలేకపోయినా ఇంటి వైద్యం అక్కడితో ముగిసినట్టే. వెంటనే దగ్గరలోని ఆసుపత్రికి బయలుదేరాలి, స్పృహలో ఉండి మింగగలుగుతున్నంతవరకు దారిలో కూడా చెంచాతో ఓఆర్ఎస్ పడుతూనే ఉండాలి.