డోమ్ టెంటు: మైపాడుకి సరే, బాల్టిక్‌కి వద్దు

నెల్లూరు ట్రంకు రోడ్డులో దొరికే ఈ ఇద్దరు పట్టే టెంటు మైపాడు తీరంలో ఒక రాత్రికి చాలు. ఫైబర్ కడ్డీలు మడిచినా 60 సెంటీమీటర్లు. బైకు సైడ్ బ్యాగులో పట్టవు. సైలెన్సరుకి తగలకుండా సీటు మీద అడ్డంగా కట్టాలి. కూడా ఇచ్చే చిన్న మేకులు ఇసుకలో నిలవవు, సముద్రపు గాలికి ఊడొస్తాయి. గుడ్డసంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి అడుగు లోతున పూడ్చాలి. సైడ్ స్టాండు కింద పలకముక్క మరవొద్దు.

బాల్టిక్ దేశాలు (ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా) తిరగాలంటే మాత్రం ఇది పనికిరాదు. పై గుడ్డ 1500 మిల్లీమీటర్ల రకం, అంటే అంత ఎత్తు నీటి ఒత్తిడి వరకే తట్టుకుంటుంది. ముసురు పట్టిందా, కుట్ల దగ్గర కారుతుంది. 3000 రకం, అల్యూమినియం కడ్డీలవి తీసుకోండి. ఎస్టోనియాలో ప్రభుత్వ అటవీ సంస్థ ఆర్‌ఎంకే టెంటు స్థలాలు చాలావరకు ఉచితం. జూన్‌లో అక్కడ రాత్రి పదికీ వెలుతురే, కళ్లకు గంతలు కట్టుకోవాల్సిందే! గ్యాస్ డబ్బా విమానంలో ఎక్కించనివ్వరు, అక్కడే కొనాలి.