ఒక్క ఆత్మకథే చదవాలంటే ఏది మేలు: ప్రకాశం, శ్రీపాద, శ్రీశ్రీ, కోటేశ్వరమ్మ

"తెలుగులో మంచి ఆత్మకథ ఒకటి చెప్పండి, ఒక్కటి చాలు" అని అడిగేవాళ్ళు విశాఖలో ఎప్పుడూ ఉంటారు. గ్రూప్స్‌కి చదివే పిల్లలూ అడుగుతారు, స్టీల్‌ప్లాంట్‌లో రిటైరై ఇప్పుడు తీరిక దొరికినవాళ్ళూ అడుగుతారు. జవాబు చివరికి నాలుగు పుస్తకాల దగ్గర ఆగుతుంది: టంగుటూరి ప్రకాశం 'నా జీవిత యాత్ర', శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ', శ్రీశ్రీ 'అనంతం', కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి'. వీటిలో మూడింటికి మన ఊరితో చుట్టరికం ఉంది. శ్రీశ్రీ ఇక్కడే పుట్టారు. కోటేశ్వరమ్మగారు చివరి రోజులు ఇక్కడే గడిపి 2018లో, నూరేళ్ళు నిండాక, ఇక్కడే కన్నుమూశారు. ప్రకాశంగారి సంగతి కొంచెం కిందకి వచ్చాక చెబుతాను.

పుస్తకం ఎంత లావు, భాష ఎలాంటిది, ఇప్పుడు దొరుకుతుందా అన్నవి ఎలాగూ చూసుకుంటాం. నా మటుకు అసలు తేల్చేది వేరే ఉంది. రాసిన మనిషి తను ఓడిపోయిన చోట ఎంతసేపు నిలబడ్డాడు? గెలిచిన సంగతులు పాత పత్రికల్లోనో చరిత్ర పుస్తకాల్లోనో దొరుకుతాయి. పదవి ఊడిన మర్నాడు ఇల్లు ఎలా ఉంది, చేతిలో డబ్బు లేనప్పుడు ఎవరి గుమ్మం ఎక్కారు, కట్టుకున్నవాళ్ళతో మాట ఎక్కడ చెడింది అన్నవి ఆ మనిషి నోరు విప్పితే తప్ప మనకి తెలిసే దారి లేదు.

కొట్లో నిలబడి పది నిమిషాల్లో దీన్ని తేల్చుకోవచ్చు. ముందు విషయసూచిక తిరగేసి ఇరవై ఏళ్ళ లోపు జీవితానికి ఎంత చోటిచ్చారో చూడండి. తర్వాత ఆ మనిషికి తగిలిన పెద్ద దెబ్బ ఒకటి మీకు తెలిసే ఉంటుంది, ఆ పేజీలు తీయండి. అక్కడికి రాగానే "నేను" మాయమై "మేము", "పార్టీ", "ప్రజలు" మొదలయ్యాయంటే మిగతాదంతా అలాగే నడుస్తుంది. ఆఖరి పాతిక పేజీలూ సన్మానాలూ శాలువాలే అయితే పుస్తకం మళ్ళీ అరలో పెట్టేయండి.

ఈ లెక్కన 'నా జీవిత యాత్ర' చాలా దూరం నిలబడుతుంది. మొదటి భాగమే దీనికి ప్రాణం. తండ్రి పోయాక తల్లి ఒంగోల్లో పూటకూళ్ళు పెట్టి పిల్లల్ని సాకడం, ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారనే మాస్టారు చేరదీసి రాజమండ్రి తీసుకెళ్ళడం, నాటకాల్లో వేషాలు, అల్లరి సావాసాలు, ప్లీడరీ, మునిసిపల్ రాజకీయం... ఇదంతా ఆయన దాపరికం లేకుండా చెబుతారు. తరవాత ముఖ్యమంత్రి అయిన మనిషి కుర్రతనంలో ఇలా తిరిగానని రాసుకోవడం ఇప్పటి నాయకుల పుస్తకాల్లో కనబడదు. రెండో భాగం నుంచి కాంగ్రెసు వ్యవహారాలు చిక్కబడతాయి. 1920, 30ల రాజకీయం అసలు తెలియనివాళ్ళు ఇక్కడే పుస్తకం మూసేస్తారు. పక్కన చిన్న కాగితం మీద 1921 స్వరాజ్య పత్రిక, 1928 సైమన్ కమిషన్, 1946 మద్రాసు ముఖ్యమంత్రి, 1953 ఆంధ్ర రాష్ట్రం అని నాలుగు గుర్తులు రాసి పెట్టుకుంటే దారి తప్పరు.

ఇక విశాఖ సంగతి. ఈ పుస్తకం నాలుగో భాగం ప్రకాశంగారు రాసింది కాదు, తెన్నేటి విశ్వనాథంగారు రాసింది. జోడుగుళ్ళపాలెం దగ్గర పార్కుకి పేరు పెట్టుకున్నామే, ఆ తెన్నేటి. 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం పడిపోయిన ఘట్టం తెన్నేటివారి కలం మీదుగానే మనకి అందుతుంది. ఆయన ఆ మంత్రివర్గంలోనే ఉన్నారు కాబట్టి లోపలి సంగతులు తెలిసిన సాక్షి, అందులో సందేహం లేదు. కానీ ఆ రాత్రి ప్రకాశంగారి మనసులో ఏముందో ప్రకాశంగారి మాటల్లో లేదు. నాలుగు పుస్తకాల్లో దీన్ని రెండో స్థానంలో పెట్టడానికి నాకున్న కారణం ఇదొక్కటే. కొనేటప్పుడు నాలుగు భాగాలూ ఉన్నాయో లేదో చూసుకోండి. పాత ప్రతుల్లో విడి భాగాలు అమ్ముతుంటారు, ఒకటోది పట్టుకొచ్చి మొత్తం చదివేశాం అనుకునేవాళ్ళు చాలామంది.

శ్రీపాదవారిది వచనం కోసం చదవాల్సిన పుస్తకం. వేదశాస్త్రాలు చదువుకున్న కుటుంబంలో పుట్టి, సంస్కృతం వదిలి తెలుగు వైపు మళ్ళిన కుర్రాడికి ఇంట్లోంచీ పండితుల్లోంచీ ఎదురైన వ్యతిరేకత ఇందులో కథంతా. తూర్పుగోదావరి అగ్రహారాల మాట యథాతథంగా వినిపిస్తుంది. కళ్ళతో గబగబా చదివితే వాక్యం చేతికి చిక్కదు, మొదటి యాభై పేజీలు పైకి చదవండి, చెవికి లయ పట్టాక పరుగే. లోటల్లా ఏమిటంటే, బాల్యం, చదువు, యౌవనం విస్తారంగా ఉంటాయి, కథకుడిగా పండిన జీవితం ఆ మేరకు ఉండదు. తెలుగు రాయాలనుకునేవాళ్ళకి మాత్రం నాలుగింటిలోనూ ముందు ఇదే చెబుతాను.

'అనంతం' దగ్గర విశాఖ పాఠకులకి మొహమాటం ఎక్కువ. మన ఊరి కవి, బీచ్ రోడ్డులో విగ్రహం, కాబట్టి అదే ముందు చదవాలనిపిస్తుంది. చదవండి, కానీ మొదటిది కాదు. ఆయనే దాన్ని ఆత్మచరిత్రాత్మక చారిత్రక నవల అన్నారు. కాలం ముందుకీ వెనక్కీ గెంతుతుంది, ఒక జ్ఞాపకం మధ్యలో ఇంకోటి దూరుతుంది. తాగుడూ బలహీనతలూ దాచలేదు, అది పెద్ద గుణం. అయితే ఏది జరిగింది, ఏది నవల కోసం వచ్చింది అన్నది పాఠకుడే తేల్చుకోవాలి. ఇందులోని తేదీల్ని వ్యాసాల్లోకి ఎత్తి రాసేవాళ్ళు ఇంకో చోట కూడా సరిచూసుకుని తీరాలి. 'మహాప్రస్థానం' ఒకసారి చదివాక దీనికి వస్తే రుచి రెట్టింపు.

నా ఓటు 'నిర్జన వారధి'కి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2012లో వేసింది, అప్పటికి కోటేశ్వరమ్మగారికి తొంభై దాటాయి. పసితనంలోనే పెళ్ళి, వైధవ్యం, మళ్ళీ కొండపల్లి సీతారామయ్యతో పెళ్ళి, కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం. తర్వాత భర్త వదిలేసి వెళ్ళిపోయారు. ఆయన తరవాతి కాలంలో పీపుల్స్‌వార్ పెట్టిన నాయకుడు, ఆయన మీద ఎందరో రాశారు. ఈమె మీద రాసినవాళ్ళు తక్కువ. ముప్పై అయిదు దాటిన ఆడమనిషి హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో చేరి మళ్ళీ పలకాబలపం పట్టినంత పని చేసి, కాకినాడలో ఆడపిల్లల పాలిటెక్నిక్ హాస్టల్లో మేట్రన్‌గా కుదురుకుని బతుకు నిలబెట్టుకోవడం ఈ పుస్తకానికి నడిబొడ్డు. విప్లవంలోకి వెళ్ళిన కొడుకు తిరిగి రాలేదు. అల్లుడు పోయాక కూతురూ దక్కలేదు. ఇన్ని చెప్పినా ఎక్కడా గొంతు పెంచరు. పార్టీ తన పట్ల ఎలా ప్రవర్తించిందో పేర్లతో సహా చెబుతారు, అదే పుటలో అన్నం పెట్టినవాళ్ళ పేర్లూ చెబుతారు. భర్త ముసలితనంలో చూడాలని కోరినప్పుడు వెళ్ళాలా వద్దా అన్న తర్జనభర్జన చదివినప్పుడు, పైన చెప్పిన పరీక్షకి ఇంతకన్నా పూర్తి జవాబు తెలుగులో ఇంకెక్కడుందా అనిపిస్తుంది.

ఇబ్బందులూ చెప్పాలి. ఉద్యమ చరిత్ర కోసం దీన్ని తెరిస్తే నిరాశే, సంవత్సరాలు తక్కువ, మనుషులు ఎక్కువ. తెలంగాణ సాయుధ పోరాటం 1946 నుంచి 51 దాకా, కమ్యూనిస్టు పార్టీ చీలిక 1964లో అని తెలిసి ఉంటే మిగతాది ఆమే నడిపిస్తారు. ఈమధ్యనే ఇంట్లో బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళకి మాత్రం కానుకగా ఇవ్వకండి, వాళ్ళంతట వాళ్ళు అడిగితే సరే. తెలుగు చదవడం రాని పిల్లలకి సౌమ్య వి.బి. చేసిన ఇంగ్లీషు అనువాదం ఉంది.

మిగతావి క్లుప్తంగా. కందుకూరి 'స్వీయచరిత్రము' మన భాషలో ఈ ప్రక్రియకి పునాది, అయినా గ్రాంథికం అలవాటు లేకపోతే దానితో మొదలుపెట్టకండి. ఆదిభట్ల నారాయణదాసు 'నా యెఱుక' చిన్నది, విజయనగరం వైపువాళ్ళకి ఇష్టమవుతుంది. దరిశి చెంచయ్య 'నేనూ నా దేశం' గదర్ పార్టీ (అమెరికాలోని భారతీయులు స్వాతంత్ర్యం కోసం పెట్టిన విప్లవ సంస్థ) మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి. గాంధీ, కలాం అనువాదాలు ఎలాగూ ఇంటింటా ఉన్నాయి.

దొరికే సంగతి: ప్రకాశంగారి భాగాలు తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగా చదువుకోవచ్చు, ఫోన్లో అక్షరం పెద్దది చేసుకోవచ్చు కాబట్టి పెద్దవాళ్ళకి సుఖం. 'నిర్జన వారధి' విశాలాంధ్ర, ప్రజాశక్తి పుస్తకాల షాపుల్లో అడగండి, లేకపోతే తెప్పించమనండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనో యూనివర్సిటీ లైబ్రరీలోనో వెతికేవాళ్ళకి ఒక మాట: లైబ్రరీల్లో విషయాన్ని బట్టి పుస్తకాలకి నంబర్లు వేసే డ్యూయీ పద్ధతిలో జీవితచరిత్రల నంబరు 920, కానీ రచయితల ఆత్మకథల్ని చాలాచోట్ల తెలుగు సాహిత్యం వరసలో పెడతారు. 'అనంతం' నవలల మధ్యలో ఉన్నా ఆశ్చర్యం లేదు. అర చూసి లేదనుకోకుండా, పేరు చెప్పి కేటలాగులో చూడమనండి.