కెండ్రిక్ లమార్ ‘డ్యామ్’: ముందు నుంచి వినాలి, వెనక నుంచీ వినాలి

అమెరికన్ ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఆల్బమ్ ‘డ్యామ్’ పెట్టే ముందు యాప్‌లో షఫుల్ ఆపండి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర మీదే తర్వాతి పాట మొదలయ్యే ఏర్పాటు) సున్నాకి తెండి, ఆటోప్లే కూడా తీసేయండి. మామూలుగా ర్యాప్ వినడానికి ఇంత పట్టింపు అక్కర్లేదు. ఇక్కడ మాత్రం మొదటి పాట ‘బ్లడ్’ చివర్లో తుపాకీ పేలుతుంది. పద్నాలుగో పాట ‘డక్‌వర్త్’ చివర్లోనూ పేలుతుంది, ఆ వెంటనే ఆల్బమంతా గిర్రున వెనక్కి తిరిగి మొదటి పాటలో కెండ్రిక్ పలికే మొదటి వాక్యం దగ్గర ఆగుతుంది. క్రాస్‌ఫేడ్ పన్నెండు సెకన్లు పెట్టుకున్నవాళ్లకి ఈ రెండు చోట్లా పక్క పాట వచ్చి మీద పడుతుంది. కథకి కీలకమే అక్కడుంది.

2017 ఏప్రిల్ 14న, గుడ్ ఫ్రైడే రోజున విడుదలైంది. నిడివి దాదాపు 55 నిమిషాలు. మరుసటి ఏడాది అమెరికాలో సంగీతానికిచ్చే పులిట్జర్ బహుమతి దీనికే దక్కింది. శాస్త్రీయ సంగీతం, జాజ్ కాకుండా వేరే సంగీతానికి ఆ బహుమతి రావడం అదే మొదలు. ఆ సంగతి చూసి ఏదో గంభీరమైన కచేరీ అనుకుని వచ్చేవాళ్లు ‘హంబుల్’ పియానో మోత విని కంగారు పడుతుంటారు.

ముందు నుంచి వింటే దీని ఆయువుపట్టు పన్నెండో పాట ‘ఫియర్’. ఏడున్నర నిమిషాలు దాటిన పాట, బీట్ ఆల్కెమిస్ట్ అనే నిర్మాతది. మొదట్లోనే కెండ్రిక్ కజిన్ కార్ల్ వాయిస్ మెయిల్ వినిపిస్తుంది. బైబిల్లోని ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయం 28వ వచనం చెప్తాడు: వెర్రితనం, గుడ్డితనం, గుండె కలత, ఈ మూడింటితో దేవుడు కొడతాడని. ఇంట్లో తెలుగు బైబిల్ ఉంటే తీసి పక్కన పెట్టుకోండి. మన చర్చిల్లో ఈ అధ్యాయం తెలియనివాళ్లు తక్కువ, కానీ ఎక్కువగా వినపడేది మొదటి పద్నాలుగు వచనాల దీవెనలే, ‘తలగా ఉంటావు, తోకగా కాదు’ అనేవి. పదిహేను నుంచి అరవై ఎనిమిది దాకా అన్నీ శాపాలు. ఆల్బమంతా ఆ రెండో భాగంలోనే నడుస్తుంది. కార్ల్ చెప్పిన వచనం తర్వాతిది, 29వది, కూడా చదివి మొదటి పాటకి వెళ్లండి. గుడ్డివాడు చీకట్లో తడుముకున్నట్టు పట్టపగలే తడుముకుంటావని అందులో ఉంటుంది. ‘బ్లడ్’లో వీధిలో ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్నట్టు కనిపించే అంధురాలు ఎవరో, కెండ్రిక్ సాయం చేయబోతే నీ ప్రాణమే పోయిందని ఎందుకంటుందో అప్పుడు అందుతుంది.

‘ఫియర్’లో మూడు వయసులున్నాయి. ఏడేళ్లప్పుడు అమ్మ కొడుతుందని భయం. పదిహేడులో ఎలా చస్తానో అని, ఒక్కో రకం చావూ పేరుపేరునా. ఇరవై ఏడులో వచ్చినదంతా పోతుందేమోనని, దేవుడు తనని బైబిల్లో సర్వం పోగొట్టుకున్న యోబుని చేస్తాడేమోనని. మధ్యలో గొంతు తిరగబడి వెనక్కి నడిచే చోటు ఒకటి ఉంది. ఫైల్ పాడైందని అనుకోకండి. చివర్లో ఆల్బమ్‌లోని మిగతా పాటల పేర్లు కొన్ని వరసగా భయాల జాబితాలో దూరతాయి. లిరిక్స్ ముందు పెట్టుకోకుండా వింటే అది చేజారిపోతుంది.

అంతకు ముందు పాట ‘ట్రిపుల్ ఎక్స్’లో ఇంకా పదునైన చోటుంది. ఒక స్నేహితుడు ఫోన్ చేస్తాడు. ఒక్కగానొక్క కొడుకుని చంపేశారు, దేవుడి మాట ఏదైనా చెప్పమంటాడు. కెండ్రిక్ ఏం చెప్తాడు? నా వాళ్ల జోలికొస్తే నేనైతే ప్రార్థన ముగించుకుని బయటికొస్తున్నవాణ్ణయినా వదలనంటాడు. అదే ఊపులో ఫోన్ పెట్టేసి, పిల్లల ముందు తుపాకుల నియంత్రణ మీద మాట్లాడటానికి వెళ్తాడు. పాపం గురించి ఇంత నిజాయితీగా చెప్పిన చోటు ఆల్బమ్‌లో ఇంకోటి లేదు, అందులో పాపం అన్న మాటే రాదు.

ఇక విమోచన. దాని కోసం ‘గాడ్’ దగ్గర వెతికితే నిరాశే. ఆ పాట గెలిచినవాడి గర్వంలా సాగిపోతుంది, ఆల్బమ్‌లో బలహీనమైన పాటల్లో అదొకటి. విమోచన ‘డక్‌వర్త్’లో, చికెన్ అమ్మే కౌంటర్ దగ్గర ఉంది. కెండ్రిక్ నాన్న డకీ కేఎఫ్‌సీలో పనిచేసేవాడు. దోపిడీకి వచ్చే రకం ఆంథనీని పసిగట్టి, వచ్చినప్పుడల్లా ఉచితంగా చికెన్, పైగా రెండు బిస్కెట్లు (అక్కడ మెత్తని చిన్న రొట్టెలు) ఇచ్చి మంచి చేసుకున్నాడు. ఆంథనీ ఆయన్ని కాల్చకుండా వదిలేశాడు. తర్వాత కెండ్రిక్‌ని తన రికార్డ్ కంపెనీలోకి తీసుకున్న టాప్ డాగ్ అతనే. డకీని కాల్చి ఉంటే ఆంథనీ జైల్లో ఉండేవాడు, కెండ్రిక్ తండ్రి లేకుండా పెరిగి తుపాకీ కాల్పుల్లో పోయేవాడు. నిర్మాత నైన్త్ వండర్ ఈ ఒక్క పాటలో బీట్ పలుమార్లు మారుస్తాడు. చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో ఆ మలుపులన్నీ ఒకే ముద్దలా వినిపిస్తాయి. ‘డీఎన్‌ఏ’ రెండో సగానిదీ అదే గతి, బేస్ చిట్లిపోతుంది. ఓ మాదిరి రకం వైర్డ్ ఇయర్‌ఫోన్లు దానికంటే మెరుగు.

బాగా అలవాటయ్యాక వెనక నుంచి వినండి. ప్లేలిస్ట్ కట్టుకునే శ్రమ అక్కర్లేదు, 2017 డిసెంబర్‌లో వచ్చిన కలెక్టర్స్ ఎడిషన్‌లో పాటలు తిరగేసే ఉన్నాయి. మొదటిసారే దాంతో మొదలుపెట్టడం మాత్రం తప్పు, ఏది తిరగబడిందో తెలియదు. మామూలు వరసలో ‘ప్రైడ్’ తర్వాత ‘హంబుల్’, ‘లస్ట్’ తర్వాత ‘లవ్’ వస్తాయి. వెనక నుంచి వింటే వినయం గర్వంలోకి, ప్రేమ కామంలోకి జారిపోతాయి. అటు నుంచి వచ్చేవాడు నాన్న చేసిన మంచితో మొదలై ‘బ్లడ్’లో తూటాకి బలవుతాడు.

మింగుడుపడని సంగతి కార్ల్ బోధ. అమెరికాలోని నల్లజాతివాళ్లు ఇశ్రాయేలు సంతతే, ఆజ్ఞ మీరినందుకే ఈ బాధలు అంటాడు. కెండ్రిక్ దాన్ని ఎక్కడా ఎదురు ప్రశ్నించడు, ‘యా’లోనైతే నేనూ ఇశ్రాయేలీయుణ్ణే అంటాడు. అప్పుడు బానిసత్వం చేయించినవాళ్ల లెక్క ఎవరు తేల్చాలి? ‘డీఎన్‌ఏ’లో అప్పట్లో ఫాక్స్ న్యూస్ చానల్ వ్యాఖ్యాతగా ఉన్న హెరాల్డో రివెరా గొంతు పెట్టి, జాతి వివక్ష కంటే హిప్ హాపే ఎక్కువ చెరుపు చేసిందన్న మాట మీద విరుచుకుపడ్డవాడు, కార్ల్‌ని మాత్రం మారుమాట లేకుండా వదిలేశాడు.

క్లీన్ వెర్షన్ జోలికి పోకండి. బూతు తీసేసిన చోట ఖాళీలు పడి ప్రాసల లయ కుంటుతుంది. ఇంట్లో పిల్లలుంటే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అసలుదే వినండి.