ఇంప్రావ్ కామెడీ లెవెల్ క్లాసులు: ఏ లెవెల్ దాకా డబ్బు పెట్టొచ్చు?

ఇంప్రావ్ అంటే స్క్రిప్టు లేకుండా అప్పటికప్పుడు అల్లుకుంటూ చేసే నాటకం. అది నేర్పే చోట్ల చాలా వాటిది ఒకటే పద్ధతి. లెవెల్ ఒకటి నుంచి నాలుగో అయిదో దాకా కోర్సులుంటాయి. ఒక్కో లెవెల్ ఆరు నుంచి ఎనిమిది వారాలు, వారానికో క్లాసు, క్లాసు రెండున్నర మూడు గంటలు. ఆఖర్న తెలిసినవాళ్ళ ముందు చిన్న షో. ఈ లెవెల్స్ అన్నీ ఒకే విలువ చేయవు. మొదటి రెండూ నిస్సందేహంగా చేరదగ్గవి. మూడోదానికి కాస్త ఆలోచించాలి. నాలుగోదానికి డబ్బు కట్టేముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి.

ముందు క్లాసులో ఎంతమందో కనుక్కోండి. ఫీజు కట్టి మనం తెచ్చుకునేవి రెండే: సీన్ చేసే వంతు, చేశాక టీచర్ ఇచ్చే నోట్, అంటే ఎక్కడ ఏం మార్చుకోవాలో చెప్పే సూచన. మూడు గంటల్లో వార్మప్‌కి అరగంట, బ్రేక్‌కి పది నిమిషాలు పోతే 140 నిమిషాలు మిగులుతాయి. ఇద్దరు చేసే సీన్‌కి మూడు నిమిషాలు, నోట్‌కి రెండు నిమిషాలు అనుకుంటే 28 సీన్లు, అంటే 56 వంతులు. పన్నెండు మంది ఉంటే మనిషికి నాలుగు పైచిలుకు. ఇరవై మంది ఉంటే మూడు కూడా రావు. ఎనిమిది వారాలకి ఇది 37 వంతులకీ 22 వంతులకీ మధ్య తేడా. పదహారు దాటిన బ్యాచ్ ఎంత పేరున్న చోటిదైనా నేను సిఫారసు చేయను.

లెవెల్ ఒకటిలో జిప్-జాప్-జోప్ లాంటి ఆటలు (గుండ్రంగా నిలబడి ఒకరి నుంచి ఒకరికి ఆ మాటలు విసరడం) చూసి ఇదంతా పిల్లల వ్యవహారం అనుకుని రెండో వారానికే మానేసేవాళ్ళుంటారు. ఆ ఆటలకి పని ఉంది. మన వంతు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ముందే ఆలోచించి పెట్టుకోవడం కుదరదు, ఎదుటివాళ్ళని చూడక తప్పదు. ఈ ఆటల పరంపర చికాగోలో వయోలా స్పోలిన్ అనే రంగస్థల శిక్షకురాలితో మొదలైంది. ఆవిడ కొడుకు పాల్ సిల్స్ 1959లో సెకండ్ సిటీ అనే కామెడీ థియేటర్‌ని స్థాపించినవాళ్ళలో ఒకరు. సీన్ ఆపకుండా టీచర్ పక్కనుంచి "చేతిలో ఏముంది, దాని బరువు చూపించు" అని అందించే పద్ధతి కూడా స్పోలిన్‌దే. మీ టీచర్ అలా అందిస్తున్నారా, ప్రతిసారీ సీన్ ఆపి తానే చేసి చూపిస్తున్నారా అన్నది మొదటి వారమే తెలిసిపోతుంది. చేసి చూపించే టీచర్ దగ్గర క్లాసు సరదాగా గడుస్తుంది, మన వంతులు మాత్రం కరిగిపోతాయి.

ఈ లెవెల్ అసలు పాఠం మొదటి మూడు మాటల్లో ఉంటుంది. ఒకరు గాల్లో చెయ్యి ఆడిస్తూ ఏదో తుడుస్తున్నారు. రెండోవారు వచ్చి "ఏం చేస్తున్నావ్?" అంటే బరువంతా మొదటివారి నెత్తిన పెట్టినట్టే. "అన్నయ్యా, నాన్న వచ్చేలోగా ఆ గోడ కడిగెయ్, నీకు దండం పెడతా" అంటే ఎవరు, ఎక్కడ, ఏం జరుగుతోంది అన్నీ ఒక్క మాటలో వచ్చేశాయి. దానికి "గోడేంటి, నేను అద్దం తుడుస్తున్నా" అంటే బ్లాక్ చేసినట్టు, తమ్ముడు ఇచ్చిన ఆఫర్ మొత్తం నేలపాలు. "సరే, కడుగుతున్నా" అంటే, ఇంప్రావ్ మూలసూత్రమైన "యస్ అండ్"లో (ఎదుటివాళ్ళు ఇచ్చింది ఒప్పుకో, దానికి ఇంకొకటి చేర్చు) యస్ ఉంది గానీ అండ్ లేదు. "కడుగుతున్నాను గానీ, రాసిందే నాన్న పేరు కదరా, సుబ్బారావులో బ కింద ఒత్తేదీ?" అన్నప్పుడు సీన్ కదిలింది.

ఇక్కడ ఎక్కువమంది తడబడేది రెండు చోట్ల. ఒకటి, నవ్వించాలన్న తొందర. ఇంప్రావ్ గురువుల్లో ఒకరైన కీత్ జాన్‌స్టన్ జీవితాంతం చెప్పింది దీనికి విరుగుడే: తెలివైన మాట కోసం వెతక్కండి, మీకు మామూలుగా తట్టిందే అనండి. మీకు మామూలుది ఎదుటివాళ్ళకి కొత్త. రెండు, "యస్ అండ్" అంటే పాత్రలు ఎప్పుడూ ఒప్పుకోవాలనుకోవడం. అన్నదమ్ములు గొంతు చించుకుని పోట్లాడుకోవచ్చు. గోడ ఉందని, దాని మీద రాత ఉందని నటులిద్దరూ ఒప్పుకుంటే చాలు. మూడో వారానికల్లా ఈ తేడా చెప్పని టీచర్ దగ్గర సీన్లన్నీ మర్యాదగా, చప్పగా తయారవుతాయి.

అన్నిటికంటే విలువైంది లెవెల్ రెండు. ఇక్కడ చాలా చోట్ల సీన్‌లోని గేమ్‌ని, అంటే అందులో మొదట కనబడిన వింతని, పట్టుకుని పెంచడం నేర్పుతారు. దీన్ని అమెరికాలోని అప్‌రైట్ సిటిజన్స్ బ్రిగేడ్ అనే కామెడీ బృందం వాళ్ళు మిగతావాళ్ళకంటే క్రమబద్ధంగా బోధించారు. మన సీన్‌నే తీసుకుంటే, మామూలు అన్నయ్య దెబ్బలకి భయపడతాడు. ఈ అన్నయ్యకి ఒత్తు బాధ. సీన్‌లో మొదటి వింత అదే. తమ్ముడు "ఇప్పుడు ఒత్తు ముఖ్యమా?" అని ఆశ్చర్యపోవాలి, అప్పుడే చూసేవాళ్ళకి అది వింత అని గట్టిపడుతుంది. ఆ తర్వాత, ఇది నిజమైతే ఇంకేం నిజమవుతుంది అని అడుగుతూ పోవాలి. అన్నయ్య తుడవడం మాని సుద్దముక్క అడుగుతాడు. కింది వరసలో దీర్ఘం దిద్దుతాడు. నాన్న లోపలికి వచ్చేసరికి, గోడ మీద నాన్నని తిడుతూ ఉన్న ఆ రాతని, ఇప్పుడు తప్పుల్లేకుండా, గర్వంగా చదివి వినిపిస్తాడు.

పాడయ్యేది ఎక్కడంటే, ప్రతి మాటకీ కొత్త వింత తెచ్చిపెట్టడం దగ్గర. ఒత్తు తర్వాత ఎగిరే కుక్క, కుక్క తర్వాత గ్రహాంతరవాసి. ఏ ఒక్కటీ పెరగదు. తమ్ముడు కూడా అన్నయ్యలాగే వ్యాకరణ పిచ్చివాడైపోతే కూడా అంతే, ఆశ్చర్యపడేవాళ్ళు మిగలరు. అందుకే ఈ లెవెల్లో నోట్ నాణ్యతే సర్వస్వం. "బాగుంది, ఎనర్జీ అదిరింది" అనేది నోట్ కాదు. "ఒత్తు దొరికాక వెంటనే కుక్క మీదకెందుకు పోయారు? ఆ ఒత్తు మాట దగ్గర్నుంచి మళ్ళీ చేయండి" అనేది నోట్. అక్కడికక్కడే మళ్ళీ చేయించే టీచర్ దొరికితే, ఫీజు కాస్త ఎక్కువైనా ఆయన బ్యాచ్‌లోనే చేరండి.

లెవెల్ మూడులో సాధారణంగా హెరాల్డ్ వస్తుంది, అంటే చాలా సీన్లని కలిపి అల్లే పొడవాటి ఇంప్రావ్. 1960ల చివర్లో శాన్ ఫ్రాన్సిస్కోలో ద కమిటీ బృందంతో డెల్ క్లోజ్ మొదలుపెట్టి, తర్వాత చికాగోలో చార్నా హాల్పెర్న్‌తో కలిసి స్థిరపరిచిన రూపం ఇది. ఆరు నుంచి ఎనిమిది మంది, సుమారు అరగంట. ప్రేక్షకులిచ్చిన ఒక మాట మీద ఓపెనింగ్, మూడు సీన్లు, అందరూ కలిసి చేసే గ్రూప్ గేమ్, ఆ మూడు సీన్లకి రెండో బీట్ (రెండో విడత), ఇంకో గ్రూప్ గేమ్, అన్నీ ఒకదాంతో ఒకటి ముడిపడే మూడో బీట్. రెండో బీట్‌లో కొత్తవాళ్ళు చేసే తప్పు కథని కొనసాగించడం: నాన్న కొట్టాడు, అన్నయ్య ఏడుస్తున్నాడు. కొనసాగాల్సింది గేమ్. ఇరవై ఏళ్ళ తర్వాత అన్నయ్య పోలీసు అధికారి, కిడ్నాపర్ల ఉత్తరం వచ్చింది, ఆయన ఎర్ర పెన్ను తీశాడు.

ఎడిట్ చేయడం కూడా ఇక్కడే వంటబట్టాలి. సీన్ ముందు నుంచి అడ్డంగా పరిగెత్తి దాన్ని ముగించడం చూడటానికి తేలిక. చెయ్యడానికి చాలామందికి కాళ్ళు రావు, తోటివాళ్ళ సీన్ కోయడం అమర్యాద అనిపిస్తుంది. నిజానికి పెద్ద నవ్వు మీద కోయడమే వాళ్ళకి చేసే ఉపకారం. గోడకి ఆనుకుని నిలబడి పది సెకన్లు ఆలస్యం చేస్తే ఆ సీన్ దిగజారిపోతుంది. చేరేముందు మంచి హెరాల్డ్‌లు రెండు మూడు ప్రేక్షకులుగా చూడండి. రూపం కళ్ళలో లేకపోతే ఎనిమిది వారాలూ ఏ బీట్‌లో ఉన్నామో గుర్తు పెట్టుకోవడానికే సరిపోతాయి. రెండో లెవెల్ ఇంకా గట్టిపడలేదనిపిస్తే మూడుకి పోకుండా, వేరే టీచర్ దగ్గర రెండే మళ్ళీ చేయడం మేలు. అడిగిన ప్రతివాళ్ళనీ పై లెవెల్‌కి పంపే చోట ఈ నిర్ణయం మీరే తీసుకోవాలి.

అన్ని బడులూ ఈ దారిలో నడవవు. జాన్‌స్టన్ వరసలో నేర్పేచోట గేమ్ కంటే స్టేటస్‌కి (పాత్రల్లో ఎవరిది పైచేయి అన్నదానికి), కథ చెప్పడానికి ప్రాధాన్యం, థియేటర్‌స్పోర్ట్స్ పోటీ ఆటలూ ఉంటాయి. నటులకీ రచయితలకీ అది బాగా పనికొస్తుంది. ఆన్‌లైన్ క్లాసులు వినడం నేర్పే ఆటలకి పర్వాలేదు. మాట అరక్షణం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి సీన్ లయ దెబ్బతింటుంది, ఎడిట్లు నేర్చుకోవడం దాదాపు కుదరదు.

ఏ లెవెల్ అయినా మొదటి రోజే ముట్టుకోవడం గురించి, వద్దనుకునే విషయాల గురించి మాట్లాడాలి, ఎవరైనా ఎప్పుడైనా సీన్ ఆపమనే వీలుండాలి. ఆ మాటే ఎత్తని క్లాసుకి రెండో రోజు వెళ్ళనక్కర్లేదు.

ఇక నాలుగో లెవెల్. కట్టేముందు ఒకటి అడగండి: ఎనిమిది వారాల్లో ప్రేక్షకుల ముందు ఎన్ని షోలు? ఆఖర్న ఒక్కటే అంటే, మూడో లెవెల్ బ్యాచ్‌లో కుదిరిన ఆరేడు మందీ ఒక టీమ్‌గా ఏర్పడి, అనుభవమున్న కోచ్‌ని వారానికి రెండు గంటలకి పెట్టుకోండి. మనిషికి పడే ఖర్చు తక్కువ, వంతులు ఎక్కువ, ఓపెన్ జామ్‌లలో (ఎవరైనా వచ్చి ఆడే ఇంప్రావ్ సాయంత్రాల్లో) వేదిక దొరుకుతూనే ఉంటుంది. నాలుగైదు షోలు, ప్రతి షో తర్వాత నోట్స్ అని జవాబొస్తే మాత్రం కట్టేయండి.