మెదడులో గడ్డ: ముందు స్పెక్ట్రోస్కోపీయా, బయాప్సీయా?

మూర్ఛ వచ్చిన మనిషికి ఎం.ఆర్.ఐ. తీస్తే, కాంట్రాస్ట్ మందు ఎక్కించాక మెదడులో ఉంగరంలా మెరిసే చిన్న గడ్డ బయటపడడం మన దేశంలో అరుదు కాదు. అది బద్దెపురుగు లార్వా తిత్తి కావచ్చు, క్షయ గడ్డ కావచ్చు, కణితి కావచ్చు. మూడింటికీ చికిత్స వేరు, చిత్రంలో మాత్రం మూడూ ఒకేలా ఉండవచ్చు.

స్పెక్ట్రోస్కోపీ అదే యంత్రంలో, కోత లేకుండా, మరికొన్ని నిమిషాల్లో గడ్డలోని రసాయనాలను గ్రాఫుగా చూపుతుంది. నాడీకణాలకు గుర్తైన ఎన్-ఎసిటైల్ ఆస్పార్టేట్ శిఖరం 2.0 పీపీఎం (గ్రాఫు అడ్డగీత మీద శిఖరం ఉన్న చోటును తెలిపే కొలమానం) దగ్గర, కణపొరల తయారీని తెలిపే కోలిన్ శిఖరం 3.2 దగ్గర లేస్తాయి. మొదటిది పడిపోయి రెండవది బాగా పెరిగితే కణితిని అనుమానిస్తారు, 0.9, 1.3 దగ్గర కొవ్వు ఒక్కటే పెద్దగా కనిపిస్తే క్షయ వైపు మొగ్గుతారు. అయితే క్షయ గడ్డలోనూ కోలిన్ పెరగవచ్చు, లోపలి కణాలు చచ్చిన కణితిలోనూ కొవ్వు కనబడుతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు కొలిచే చోటిది. కొలతకు తీసుకునే ఘనం సాధారణంగా ఒక్కో వైపు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు ఉంటుంది కనుక, గడ్డ సెంటీమీటరుకన్నా చిన్నదైతే చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన మెదడు సంకేతమే అందులో ఎక్కువగా కలుస్తుంది. గడ్డ పుర్రెకు దగ్గరగా ఉంటే తలచర్మం కింది కొవ్వు గ్రాఫులోకి చేరి లేని క్షయను చూపవచ్చు. అందుకే శిఖరాల వర్ణన చదివే ముందు ఘనాన్ని ఎక్కడ పెట్టారో చూపే చిత్రాన్ని తప్పక చూడాలంటాను.

బయాప్సీ, అంటే సూదితో గడ్డ ముక్క తీసి పరీక్షించడం, కణజాలాన్నే చేతికిస్తుంది. క్షయ క్రిమి ఏ మందుకు లొంగుతుందో తేల్చడానికి, మెదడు కణితులపై డబ్ల్యూ.హెచ్.ఓ. 2021 వర్గీకరణ కోరే జన్యుమార్పులను గ్లయోమాలో (మెదడులోని ఆధార కణాల కణితిలో) నిర్ధారించడానికి అదే ఆధారం. కానీ రక్తస్రావం ప్రమాదం ఉంది. సూది కణితి అంచునే తాకితే గ్రేడు (కణితి తీవ్రత స్థాయి) తక్కువగా వచ్చే అవకాశమూ ఉంది.

రెండు సెంటీమీటర్లలోపు ఒంటరి గడ్డతో, మూర్ఛ తప్ప మరే లోపమూ లేని రోగికి బయాప్సీ తొందర తగదు. స్పెక్ట్రోస్కోపీని ఒక సాక్ష్యంగా తీసుకుని, మూర్ఛ మందులు ఇస్తూ కొన్ని నెలల్లో మళ్లీ స్కాన్ చేయడం మేలు. గడ్డ పెరుగుతున్నా, మందుకు లొంగకపోయినా కణజాలం తీయవలసిందే. అప్పుడు కోలిన్ ఎక్కువగా ఉన్న చోటికి సూదిని నడపడానికి ఆ గ్రాఫే పనికొస్తుంది. పసిపిల్లల మెదడును దెబ్బతీసే జన్యు జబ్బు కానవాన్ వ్యాధి సంగతి వేరు: అక్కడ ఎన్-ఎసిటైల్ ఆస్పార్టేట్ అసాధారణంగా పెరుగుతుంది కనుక, ఒకప్పుడు మెదడు ముక్క తీసి చూసిన ఈ జబ్బును ఇప్పుడు స్పెక్ట్రోస్కోపీ, మూత్ర పరీక్ష, జన్యు పరీక్షలతోనే నిర్ధారిస్తున్నారు.