అర్జెంటీనా పశుక్షేత్రాల్లో భోజనం: పంపాస్‌కు వెళ్లాలా, పటగోనియాకు వెళ్లాలా?

అర్జెంటీనా పశుపాలకుల వంటను వారి పొలాల్లోనే రుచి చూడదలచిన ప్రయాణికుల ముందు రెండు దారులున్నాయి. మొదటిది పంపాస్ గడ్డి మైదానాలు. అక్కడ, రాజధాని బ్యూనస్ ఎయిరీస్‌కు సుమారు 110 కిలోమీటర్ల దూరంలోని సాన్ ఆంటోనియో దె అరేకో పరిసరాల్లో ఉన్న ఎస్టాన్సియాలకు, అంటే పాతకాలపు పశుక్షేత్రాలకు, ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అక్కడి భోజనం ఎంపనాడాలతో, అంటే లోపల కూరు పెట్టిన కజ్జికాయల్లాంటి వాటితో, మొదలై, కట్టెల నిప్పులపై ఉప్పు మాత్రమే చల్లి కాల్చిన గొడ్డుమాంసపు పక్కటెముకలతో, సాసేజీలతో సాగుతుంది.

రెండోది, దేశపు దక్షిణాన ఉన్న పటగోనియా, చాలా దూరం. అక్కడి ఎల్ కలఫాతే పట్టణానికి రాజధాని నుంచి విమానంలోనే మూడు గంటలకు పైగా పడుతుంది. చలికాలంలో అక్కడి ఎస్టాన్సియాలు చాలావరకు మూసి ఉంటాయి. అయినా నా మొగ్గు అటువైపే. గొర్రెపిల్లను పొట్టవైపు చీల్చి, విప్పార్చి, ఇనుప శిలువకు కట్టి, మంట పక్కన నేలలో నాటి, కొవ్వు కరిగి పైభాగం కరకరలాడేదాకా గంటల తరబడి నిదానంగా కాల్చే ఆ పద్ధతిని, గాలి హోరులో నిప్పు దగ్గర కూర్చుని చూడడం భోజనమంత విలువైనది. చివర్లో కలఫాతే అనే పొద పండ్ల జామ్ దొరికితే వదలకూడదు. ఆ పండు తిన్నవారు మళ్లీ పటగోనియాకు వస్తారని అక్కడివారి నమ్మకం.

ఒక్క రోజే చేతిలో ఉన్నవారికి అరేకో తగినది. గొడ్డుమాంసం ముట్టని తెలుగువారికి మాత్రం, వ్యయప్రయాసలు ఎక్కువైనా, పటగోనియానే సూచిస్తాను.