హోమ్‌స్టెడ్ పార్కు, నెబ్రాస్కా: రైతులు తప్పక చూడాలి

కర్ణాటకలో సింధనూరు దగ్గర, ఆంధ్ర నుంచి వెళ్ళిన రైతుల ఊళ్ళో (క్యాంపు అంటాం) నలభై ఏళ్ళు వరి పండించినవాణ్ణి. అమ్మాయి దగ్గరికి ఒమాహా వచ్చినప్పుడల్లా గుళ్ళకీ మాల్స్‌కీ తిప్పుతారు. ఈసారి అల్లుడు బియాట్రిస్ ఊరి పక్కనున్న హోమ్‌స్టెడ్ పార్కుకి తీసుకెళ్ళాడు. కారులో రెండు గంటల లోపే. టికెట్ లేదు. అమెరికాలో ఇప్పటిదాకా చూసిన వాటిలో నా మనసుకి పట్టింది ఇదే.

1862లో లింకన్ హోమ్‌స్టెడ్ చట్టం అని ఒకటి తెచ్చాడు. అర్హత ఉన్నవాళ్ళు 160 ఎకరాల ప్రభుత్వ భూమికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు. కానీ అయిదేళ్ళు అక్కడే కాపురం ఉండాలి, ఇల్లు కట్టాలి, సాగు చేయాలి. అప్పుడే పట్టా. 1863 జనవరి 1న చట్టం అమల్లోకి వచ్చింది. అదే రోజు బ్రౌన్‌విల్ భూమి ఆఫీసులో దరఖాస్తు పెట్టిన డేనియల్ ఫ్రీమన్ పొలమే ఇప్పుడీ పార్కు. ఆ రోజుల్లో ఈ పార్కున్న గేజ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అంటే జనావాసాలకి చివరి అంచు.

మ్యూజియం భవనం పైకప్పు నాగలి రెక్కలా వంపు తిరిగి ఉంటుంది, దూరం నుంచే గుర్తుపట్టాను. లోపల ఈ చట్టం కింద అలాస్కాలో చివరి పట్టా తీసుకున్నాయన ట్రాక్టర్ పెట్టారు. బోర్డులన్నీ ఇంగ్లీషే, మనవరాలు చదివి చెప్పింది. పెద్దవాళ్ళని తీసుకెళ్తే పక్కన ఒకరు ఉండి చెప్పాలి.

నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం దుంగల ఇంటి దగ్గర. 1867లో పామర్ అనే సెటిలర్ ఇదే కౌంటీలో కట్టుకున్న ఇల్లు, తర్వాత ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. 14 అడుగులు, 16 అడుగులు. అంతే. మూల దగ్గర ఒక దుంగ మీద ఇంకో దుంగ కూర్చున్న చోట చెయ్యి పెట్టి చూశాను, పనితనం గట్టిది. అందులో పదిమంది పిల్లల్ని పెంచారని మనవరాలు చదవగానే మా ఆవిడ, "ఏమండీ, అంతమందినీ ఎక్కడ పడుకోబెట్టిందో ఆ తల్లి!" అంది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా నాన్న రేపల్లె దగ్గర ఎకరంన్నర అమ్మేసి, తుంగభద్ర కాలువ నీళ్ళు వస్తాయని నమ్మి, నన్ను చంకనేసుకుని సింధనూరు వైపు వెళ్ళాడు. ఒకే పాకలో సగం మాకు, సగం ఎడ్లకి. రాత్రి ఎద్దు తల విదిలిస్తే మెడలో గంట మోగేది, అమ్మ నిద్రలోనే "హో" అనేది. నీళ్ళు రెండు మైళ్ళ నుంచి మోసేది. ఆ అయిదేళ్ళే అసలు ధర, 18 డాలర్లు కాదు. ఇది మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంటి వెనక పాత రకం గడ్డి మైదానాన్ని మళ్ళీ పెంచారు. కొన్ని చోట్ల గడ్డి నాకంటే ఎత్తుంది. మోకాళ్ళ మీద కూర్చుని మొదలు దగ్గర వేళ్ళతో పాయ తీసి చూశాను. మట్టి కనపడదు, అంతా వేర్ల అల్లికే. ఈ నేలలో మొదటి చాలు తోలడానికి ఎన్ని జతలు కట్టారో, ఎన్ని కర్రులు అరిగాయో అనిపించింది.

ఇంకో మాట కూడా పార్కువాళ్ళు దాచకుండా చెప్పారు, అది నాకు నచ్చింది. ఇది ఖాళీ భూమి కాదు. ఓటో-మిస్సోరియా అనే మూలవాసులు ఈ కౌంటీలోనే ఉండేవాళ్ళు. 1881లో వాళ్ళని ఇప్పటి ఓక్లహోమా వైపు పంపేశారు. అది విన్నాక దుంగల ఇంటిని మళ్ళీ ఒకసారి వెళ్ళి చూశాను. మా నాన్న డబ్బిచ్చే కొన్నాడు, అయినా ఆ పొలం అమ్ముకున్న ఇంటివాళ్ళు తర్వాత ఏమయ్యారో మేమెప్పుడూ అడగలేదు.

1872 నాటి ఇటుకల బడి కూడా ఉంది, కాసేపు చాలు. ఫ్రీమన్, ఆయన భార్య ఆగ్నెస్ సమాధులు పొలంలోనే ఉన్నాయి. ఆయన 1908లో పోయాడు, ఆవిడ 1931 దాకా ఉంది. మా ఆవిడ అక్కడ చెప్పులు విడిచి నిలబడింది.

వెళ్ళేవాళ్ళు పూర్తి ప్యాంటు, బూట్లు వేసుకోండి, గడ్డిలో టిక్స్ (పిడుదులు) ఉంటాయి. తిండి ఇంటి నుంచే కట్టుకెళ్ళండి, మేం పులిహోర తీసుకెళ్ళాం. శీతాకాలం ముందు ఈ గడ్డి ఎర్రబడుతుందట. అక్టోబరులో మళ్ళీ తీసుకెళ్ళమని అల్లుడికి అప్పుడే చెప్పాను.